హారిసన్ గరాజుల్లో అంటార్కిటికా

ఏం ఉద్యోగం చేస్తారని ఎవరైనా అడిగితే శ్యామసుందరి "ఐసు కోస్తా" అని ఊరుకునేది. కాన్‌బెర్రా వచ్చిన కొత్తలో ఆ జవాబు విన్నవాళ్లంతా ఆమె చేపల మార్కెట్లో పని చేస్తుందనుకున్నారు. నెల్లూరు మనిషి కదా, నమ్మడానికి ఎవరికీ కష్టం కాలేదు.

కాన్‌బెర్రాలో ఆమె ఉండే పేట హారిసన్‌లో రాయి విసిరితే తెలుగు డాక్టరుకో ఇంజనీరుకో తగులుతుంది. పక్క వీధిలో ఉండే డాక్టర్ విద్యావతిది వరంగల్లు. ఒక పుట్టినరోజు పార్టీలో ఆమె నలుగురి ముందూ, "ఐసు కోసేదానికి గూడ జీతమిస్తరా అక్కా?" అని నవ్వింది. శ్యామసుందరి పైకి నవ్వేసి ఇంటికొచ్చింది. వచ్చీ రాగానే భర్త హేమచంద్ర మీద విరుచుకుపడింది. పాపం, ఆయన ఆ పార్టీకి రానే లేదు.

అసలు సంగతేమిటంటే, ఆమె యూనివర్సిటీ లాబ్‌లో శీతలగదికి పెద్ద దిక్కు. అంటార్కిటికాలో లోతుగా తొలిచి తీసిన మంచు కడ్డీలు అక్కడికొస్తాయి. మంచు ఏటికేడాది పొరలు పొరలుగా పేరుకుంటుంది. ఎక్కడో అగ్నిపర్వతం పేలితే ఆ గంధకపు పొగ ఆకాశానికెక్కి, దేశదేశాలు తిరిగి, చివరికి ఆ ఏటి పొరలో దిగి కూర్చుంటుంది. చలికోటు తొడుక్కుని, రంపం పట్టుకుని ఆ పొరల్ని కోసి పరీక్షకు పంపడం ఆమె పని. ఇన్నేళ్లలో ఆమె చేతిలో ఒక్క ముక్క కరగలేదు. ఆ మాట గర్వంగానే చెప్పుకుంటుంది. చెప్పుకోవాల్సిందే మరి.

ఆ వేసవిలో ఆమె దగ్గరున్నది మామూలు మంచు కాదు. సుమారు పదిహేను వందల ఏళ్ల కిందట, నాలుగైదేళ్ల తేడాలో రెండు పెద్ద పేలుళ్లు జరిగాయి. సూర్యుడున్నాడు గానీ ఎండ లేదు. మధ్యాహ్నం కూడా నీడ సరిగ్గా పడటం లేదని ఆ కాలంవాళ్లు రాసుకున్నారు. చైనాలో వేసవిలో మంచు కురిసింది. ఉత్తర దేశాల్లో కంకులు పాలుపోసుకోకుండానే పైర్లు పోయాయి, ఊళ్లు పాడుబడ్డాయి. ఆ రెండో పేలుడు జాడ ఉన్న కడ్డీల్లో సగం పాత పరీక్షలకే అయిపోయింది. మిగతా సగం శ్యామసుందరి గదిలో ఉంది. వచ్చే వారమే దాన్ని కొయ్యాలి.

జనవరి చివర్లో, అంటే అక్కడి నడివేసవిలో, సోమవారం కూడా సెలవుతో లాంగ్ వీకెండ్ వచ్చింది. శనివారం మధ్యాహ్నం, మాడు పగిలే ఎండలో, శీతలగది కంప్రెసర్ ఆగిపోయింది. దానికి తోడుగా ఉండాల్సినది అప్పటికే రిపేరుకు వెళ్లింది. మెకానిక్కు ఫోన్ చేస్తే మంగళవారం దాకా కుదరదన్నాడు. ప్రొఫెసర్ సముద్రం ఒడ్డున ఎక్కడో ఉన్నాడు, ఫోన్ కలవడం లేదు. మిగతా లాబుల ఫ్రీజర్లన్నీ నిలువుగా అరలతో ఉన్నాయి. మీటరు పొడవు కడ్డీలు వాటిలో పట్టవు. అంత పొడవు కడ్డీ పడుకోబెట్టాలంటే పెద్ద పెట్టె ఫ్రీజర్ కావాలి.

అప్పుడు ఆమెకు గరాజులు గుర్తొచ్చాయి.

హారిసన్‌లో తెలుగువాళ్ల ఇంట్లో దేవుడి గది లేకపోవచ్చు గానీ, గరాజులో పెట్టె ఫ్రీజర్ లేకుండా ఉండదు. గోంగూర, మునక్కాయ ముక్కలు, కొబ్బరి కోరు, ఏకంగా కొనేసిన సగం మేక, అన్నీ అందులోనే. అన్నిటికంటే పెద్దది విద్యావతిది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. శ్యామసుందరి మనసులోని ముల్లును పక్కన పెట్టి ఫోన్ తీసింది.

"విద్యా, నీ గరాజు ఫ్రీజర్ ఖాళీ చెయ్యాలమ్మా. ఇప్పుడే."

"ఏందక్కా? దాంట్ల మొత్తం గోంగూర ఉంది. ఏడాదికి సరిపోను కోసి పెట్టిన."

"తెలుసు. నా ఐసు పోతా ఉండాది. పదిహేను వందల ఏళ్ల నాటి ఐసు. ఇది పోతే మాకింకోటి లేదు."

విద్యావతి వెంటనే డాక్టరు గొంతుతో అడిగింది. "ఎంతసేపు ఆగుతది?"

"చీకటి పడేదాకా ఆగితే మన అదృష్టం."

"నువ్వు పట్కరా. మిగిలినోళ్లకు నేను ఫోన్ చేస్త."

వీధిలో గరాజు తలుపులు ఒక్కటొక్కటే పైకి లేచాయి. శ్యామసుందరి సీలు వేసిన కడ్డీల్ని పొడుగాటి థర్మోకోల్ పెట్టెల్లో సర్ది కార్లకెక్కించింది. ఊరంతా చెమటలు కక్కుతుంటే హేమచంద్ర ఏసీ పూర్తిగా పెట్టుకుని, స్వెట్టర్ వేసుకుని కారు నడిపాడు. ప్రతి ఫ్రీజర్లోనూ ఆమె ఒక థర్మామీటరు పెట్టి, మూత మీద టేపు అంటించి, "మంగళవారం దాకా దీన్ని ఎవరన్నా తెరిస్తే ఊరుకునేది లేదు" అని పెద్దా చిన్నా తేడా లేకుండా బెదిరించింది.

విద్యావతి అత్తగారు శ్రీదేవి మాత్రం ఫ్రీజర్ మూత పడకముందే వచ్చి లోపలి మంచు పెట్టె మీద కుంకుమ బొట్టు పెట్టేసింది.

"అయ్యో ఆంటీ, అది లాబు సామాను!" అంది శ్యామసుందరి.

"గిన్నేండ్ల పెద్దది ఇంట్లకొస్తే బొట్టు పెట్టకుంట ఎట్లనమ్మా?" అందావిడ.

ఖాళీ చేసిందంతా ఏం చెయ్యాలి? వండారు. విద్యావతి పెరట్లో బార్బెక్యూ మీద మేకమాంసం, పక్కన గుండిగలో గోంగూర. వీధి వీధంతా ప్లేట్లు పట్టుకుని వచ్చింది. తింటూ తింటూ విద్యావతి అడిగింది.

"ఆ ఎండలేని ఏండ్లల్ల వాళ్లేం తిన్నరక్కా?"

"దొరికినోళ్లు దొరికింది తిన్నారు. కొన్నిచోట్ల చెట్ల బెరడు కూడా నూరుకుని తిన్నారంటారు."

విద్యావతి తన ప్లేటు వైపు చూసుకుంది. "మరి బతికినోళ్లు ఎట్ల బతికిన్రు?"

"అది ఐసు చెప్పదు విద్యా. పొగ సంగతే చెప్తుంది."

ఆ మాట అంటూ శ్యామసుందరి పెరటి గేటు దాకా వచ్చి వీధి వైపు చూసింది. ఏ గరాజు చూసినా మూత మీద ఆమె అంటించిన టేపు, దాని ముందు ప్లేటు పట్టుకుని కాపలా కాస్తున్నట్టు ఎవరో ఒకరు. ఆమెకు కళ్లు చెమర్చాయి. కారం ఎక్కువైందని చెప్పింది.

మంగళవారం గది మళ్లీ చల్లబడింది, మంచు తిరిగి లాబుకు చేరింది. ప్రొఫెసర్ పెట్టె మీది కుంకుమ మరకను వేలితో తడిమి, ఇళ్లలో ఉన్న మంచును నమ్మొచ్చా అని సందేహించాడు. శ్యామసుందరికి ఒళ్లు మండింది. థర్మామీటర్లన్నీ వరసగా తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఒక్కటీ గీత దాటలేదు. పై పొర చెక్కేసి, లోపలి మంచును తనే స్వయంగా కోసి పంపింది. ఫలితం వచ్చిన రోజు స్క్రీన్ మీద ఆ ఏటి దగ్గర గంధకం గీత కొండలా నిటారుగా లేచి కనిపించింది. పదిహేను వందల ఏళ్ల కిందటి పొగ, చెక్కు చెదరకుండా ఉంది.

ఉగాది నాడు హారిసన్‌కు కొత్తగా వచ్చిన ఒక జంట శ్యామసుందరిని ఏం చేస్తారని అడిగింది. ఆమె నోరు తెరిచేలోపే విద్యావతి మధ్యలోకొచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"మా అక్క ఐసు కోస్తది," అంది. ఈసారి నవ్వలేదు. "ఆ ఐసు మా ఇంట్ల ఉండె."