అమ్మమ్మ డబ్బాలు సర్వర్ ఎక్కిన వారం

మా అమ్మమ్మకి రెండు కళ్లజోళ్లు. ఒకటి కుట్టుమిషన్ల కోసం, ఇంకొకటి మనుషుల కోసం. మనుషులది ఎప్పుడూ పెట్టెలోనే ఉంటుంది. మిషన్లు బాగుచేసే తన దుకాణానికి వచ్చినవాళ్ల ముఖం చూడకుండా మిషన్ తల మాత్రమే చూసి, "రెండేళ్ల కిందట గుడ్డని నొక్కే పాదం మార్పించుకున్నావు. తర్వాత ఒక్కసారైనా నూనె వేశావా?" అని అడుగుతుంది. ఎంతటివాళ్లయినా తల దించుకుంటారు. బళ్లో టీచర్ల ముందు నేను కూడా అంత దించుకోలేదు. అందుకే కాబోలు, పదో తరగతితోనే నాకూ బడికీ మాటలు లేకుండా పోయాయి.

ఆవిడ మొదట్లో దర్జీ. మిషన్ చెడినప్పుడల్లా ఒక మెకానిక్‌కి కబురు పెట్టేది. అతను "రేపొస్తానమ్మా" అనేవాడు. పదకొండో రేపటికి అమ్మమ్మే స్క్రూడ్రైవర్ పట్టుకుంది. మిషన్‌ని మొత్తం విప్పి, విప్పిన వరసలో ఒక్కో ముక్కనీ ఒక్కో బిస్కెట్ డబ్బాలో పెట్టి, డబ్బాల మీద అంకెలు రాసింది. మళ్లీ బిగించాక ఒక స్క్రూ మిగిలింది. మిషన్ మాత్రం చక్కగా కుట్టింది. ఆ స్క్రూ ఇప్పటికీ ఒకటో నంబరు డబ్బాలో ఉంది. బస్సు డ్రైవర్‌గా రిటైరైన మా తాతయ్య దాన్ని అప్పుడప్పుడు తీసి తుడిచి పెడుతుంటాడు. "మీ అమ్మమ్మ కూడా పొరపాటు చేస్తుందనడానికి నా దగ్గరున్న ఒకే ఒక్క సాక్ష్యం ఇది" అంటాడు.

అలా మొదలైన డబ్బాలు ఇప్పుడు రెండొందల పన్నెండు. ఒక్కోదాంట్లో ఏదో ఒక పాత మిషన్ ముక్క నమూనాగా ఉంటుంది. దాంతోపాటు ఒక చీటీ: ఏ అల్మర, ఏ అర, ఏ డబ్బా. చుట్టుపక్కల ఊళ్ల దర్జీలకి తమ మిషన్ కంపెనీ పేరు గుర్తుండదు గానీ డబ్బా నంబరు గుర్తుంటుంది. నమూనా ముక్క గుమ్మం దాటకూడదనేది అమ్మమ్మ పెట్టిన రూలు. సరిచూసుకోవాలంటే వాళ్ల ముక్కే ఇక్కడికి రావాలి. ఒకసారి నేను కింది దారాన్ని కుట్టులోకి తిప్పే షటిల్‌ని జేబులో వేసుకుని టీ కొట్టు దాకా వెళ్లొచ్చినందుకు వారం రోజులు నాతో స్క్రూల భాషలో తప్ప మాట్లాడలేదు.

ఇలా ఉండగా, రోడ్డు వెడల్పు చేయడానికి మూలమీదున్న మా దుకాణాన్ని రెండు నెలల్లో పడగొడతామని చెప్పి వెళ్లారు. వెనక సందులో మేడ మీద ఒక గది దొరికింది. కిందనుంచి ఇరవై రెండు మెట్లు. రోడ్డు మీంచి చూస్తే గోడ తప్ప ఏమీ కనపడదు.

"బోర్డు కూడా లేని చోటికి మిషన్ మోసుకుని ఎవరొస్తారే?" అన్నాడు తాతయ్య.

"అక్కడికి మారాక నెల చూస్తాను. నెలలో ఒక్క మిషనైనా మెట్లెక్కకపోతే పనిముట్లు అమ్మేసి మీ పక్కన కూర్చుని టీవీ చూస్తాను."

తాతయ్య రిమోట్‌ని మెల్లగా దిండు కిందికి తోశాడు. ఆయనకి నిజంగానే భయం వేసింది. నాకూ వేసింది కానీ నేను దాన్ని వేరే రకంగా బయటపెడతాను.

"ఒక్కటి కూడా ఎక్కదు అమ్మమ్మా. పందెం."

"ఎక్కితే?"

"ఎక్కే ప్రతి మిషన్నీ నేనే మోస్తాను."

"మాట మీద ఉండు" అని చెప్పులేసుకుని గ్రంథాలయానికి వెళ్లింది. అక్కడ సాయంత్రాలు పెద్దవాళ్లకి కంప్యూటర్ నేర్పుతారు.

అక్కడి మాస్టారు ముందుగా తయారుగా ఉన్న వెబ్‌సైట్ నమూనాలు చూపించి, పేరూ ఫోన్ నంబరూ నింపుకుంటే చాలన్నారట. "దీన్ని విప్పితే లోపలేముంటుంది?" అని అడిగిందట ఈవిడ. విప్పడానికి వీల్లేదన్నారు. "విప్పలేనిది చెడిపోతే నేనేం చేసుకోను బాబూ?" అంది. పాపం ఆయన ఆరువారాలు కూర్చోబెట్టి పేజీని అక్షరం అక్షరం రాయడం నేర్పారు. మొదలుపెట్టిన ప్రతి గుర్తునీ చివర్లో మూయాలి అని ఆయన చెప్పబోతుంటే, "కుట్టు మొదట్లో ముడి, చివర్లో ముడి. తెలుసు, పదండి" అందట.

అమ్మమ్మ వెబ్‌సైట్ అచ్చం దుకాణంలో డబ్బాలున్న గోడలా వచ్చింది. మొదటి పేజీ నిండా అరలు, అరల నిండా అంకెలు. అంకెని నొక్కితే ఆ డబ్బా తెరుచుకుని, లోపలి ముక్క ఫొటో పక్కన స్కేలు పెట్టి మరీ కనపడుతుంది. కింద కొత్త గదికి దారి. ఇంటి కంప్యూటర్లో నేను నలభై ఏడు నొక్కితే షటిల్ తళతళలాడుతూ వచ్చింది. ఏదో ఒక వంక పెట్టాలని చాలాసేపు వెతికాను. దొరకలేదు.

"మరి దీన్ని జనం ఎలా చూస్తారు? మనింటికొస్తారా?" అన్నాడు తాతయ్య.

"సర్వర్ అని ఒకటుంటుందండీ. ఎక్కడో పెద్ద కంప్యూటరు. అందులో మనకి కాస్త చోటు అద్దెకిస్తారు. మన కంప్యూటర్ అయితే భోజనం చేసి పడుకుంటుంది. అది పడుకోదు."

"నన్ను కంప్యూటర్ అంటోందే మీ అమ్మమ్మ" అని నావైపు చూసి మురిసిపోయాడు.

ఆదివారం ఎక్కించింది. తెర మీద ఎడమవైపు మన కంప్యూటరు, కుడివైపు సర్వరు. ఎడమనుంచి ఒక్కో పేజీనీ పట్టుకుని కుడివైపు పెట్టింది, గాజు సామాను సర్దినట్టు. ఆఖరిది వెళ్లాక అడ్రసు కొట్టి చూస్తే మొదటి పేజీ అరలన్నీ వచ్చాయి. "కుట్టింది" అంది. ఆవిడ నోట అంతకంటే పెద్ద మెప్పు లేదు. అప్పటికే నెల రోజులుగా వచ్చిన ప్రతి దర్జీకీ ఆ అడ్రసు చీటీ రాసిచ్చింది.

సోమవారం పాత దుకాణం బోర్డు దించారు; డబ్బాలతోపాటు ఇంటి కంప్యూటర్నీ మేడ మీది గదికి చేర్చాం. మంగళవారం పదకొండింటికి ఫోన్ మోగింది. పక్క ఊళ్లో బడి యూనిఫారాలు కుట్టే పిన్ని. వారంలో బళ్లు తెరుస్తారు, ఆవిడ మిషన్ కుట్టు వదిలేస్తోంది.

"పెద్దమ్మా, నా షటిల్‌కి కొక్కెం కుడివైపుంది. అది నలభై ఏడో నలభై ఎనిమిదో చూద్దామంటే డబ్బా ఖాళీగా ఉంది. అన్నీ ఖాళీయే. మా ఆయన పాత మిషన్ ఇచ్చేసి షోరూంలో కొత్తది తెచ్చుకుందామని చెప్పులేసుకుని కూర్చున్నాడు. అది నీ దగ్గర దొరుకుతుందని తెలియకుండా దీన్ని బస్సులో ఎలా మోసుకురాను?"

"సాయంత్రం నాలుగింటికి మళ్లీ చూడు. మీ ఆయన చెప్పులు విప్పించు" అని ఫోన్ పెట్టేసింది.

నేను ఊరుకుంటానా? "అమ్మమ్మా, డబ్బాల్లో ఎలకలు పడ్డాయేమో" అన్నాను.

"ఇంట్లో కుట్టిన మిషన్ బయట కుట్టకపోతే తప్పు మిషన్‌ది కాదే. దారం ఎక్కడినుంచి వస్తోందో చూడాలి." మిషన్ల కళ్లజోడు పెట్టుకుని నలభై ఏడో పేజీ లోపలి రాత తెరిచింది. ఒక్కో మాటనీ వేలితో తడిమింది. కాసేపటికి వేలు ఒకచోట ఆగింది.

ఫొటో ఎక్కడుందో రాయమని మాస్టారు చెప్పినప్పుడు ఈవిడ తన చీటీల అలవాటు కొద్దీ పూర్తి అడ్రసు రాసేసింది: మా ఇంటి కంప్యూటరు, డి డ్రైవ్, దుకాణం ఫోల్డరు, ఫలానా డబ్బా. ఎక్కడో ఊళ్లో ఫోన్ తెరిచినవాళ్లకి మా ఇంటి అల్మరలో వెతుక్కోమంటోందన్నమాట. అది చాలదన్నట్టు ఫొటోలు అసలు పైకి వెళ్లనే లేదు.

"పేజీలు పంపి ఫొటోలెందుకు పంపలేదు?" అన్నాను.

"నమూనా గుమ్మం దాటకూడదు కదే" అంది. అని, తనే ఆగిపోయింది.

నేను నవ్వాపుకోవడానికి నూనె డబ్బా సర్దాను. తాతయ్య లేచి వెళ్లి ఒకటో నంబరు డబ్బా తెచ్చి బల్లమీద పెట్టాడు, రెండో సాక్ష్యం వేసుకోవడానికి. అమ్మమ్మ ఆయనవైపు చూడలేదు. నలభై ఏడో ఫొటోని పట్టుకుని కుడివైపు పెట్టి, వెంటనే ఎడమవైపు చూసుకుంది. అది అక్కడే ఉంది.

"పోలేదు."

"పోదు అమ్మమ్మా. వెళ్లేది నకలు."

"ఆ మాట ముందే చెప్పి చావొచ్చుగా."

"నువ్వు అడగలేదు."

పేజీలో ఇంటి అడ్రసు కొట్టేసి, నీ పక్కనే ఉన్న ఫొటో తీసుకో అన్నట్టు చిన్నగా రాసింది. తర్వాత నాకు ఫోనిచ్చి వీధి చివరికి తరిమింది. ఇంట్లో చూసి మోసపోవడం ఒక్కసారి చాలట. వీధి చివర నిలబడి నొక్కాను. షటిల్ వచ్చింది, స్కేలుతో సహా. పరిగెత్తుకొచ్చి చెబితే, "పరిగెత్తకు, ఓపిక దాచుకో. పనుంది" అంది.

నాలుగింటికి ముందే నలభై ఎనిమిది కూడా సరిచేసింది. మిగతా డబ్బాలకి మర్నాడు పొద్దున్న కూర్చున్నాం. ఆవిడ సరిచేసి అంకె చదివేది, నేను కాగితం మీద కొట్టేసేదాన్ని. నూట ముప్ఫై ఆరు దగ్గర ఉండగా కింద మెట్ల దగ్గర ఎవరో "పెద్దమ్మా" అని పిలిచారు.

యూనిఫారాల పిన్ని. పాత దుప్పట్లో చుట్టిన మిషన్ తల చంకన పెట్టుకుని, పైకి చూస్తూ నిలబడింది. వెనక ఆవిడ భర్త, చెప్పులతోనే.

"నలభై ఏడు పెద్దమ్మా. ఫొటో పక్కన పెట్టి కొలుచుకున్నాను" అంది.

అమ్మమ్మ ఒకసారి నావైపు చూసింది. మనుషుల కళ్లజోడు పెట్టెలోంచి తీసి, తుడుచుకుని, పెట్టుకుంది. నేను మెట్లు దిగుతుంటే నా ముఖం సరిగ్గా చూడాలని.

ఆ నెలలో పద్నాలుగు మిషన్లు మెట్లెక్కాయి. ఇనపవి, పాతవి, ఒక్కోటి ఒక దూడంత బరువు. పదమూడోది మోస్తున్నప్పుడు, సర్వర్‌కి ఎక్కించినట్టు వీటి నకలు కూడా పైకి పంపితే సరిపోదా అని అడిగాను. పైమెట్టు మీదనుంచి ఆవిడ, "ఇంకా తొమ్మిది మెట్లున్నాయి, మాట్లాడక ఎక్కు" అంది.