వెర్నా కోచ్ రబ్బరు బూట్లు

మా వెర్నా కోచ్‌కి తాగుడు లేదు, పేకాట లేదు, ఎవరితోనూ తగాదా లేదు. ఉన్నదల్లా ఒకటే పిచ్చి. పోయిన గోల్ఫ్ బంతి ఎక్కడైనా పడి ఉందంటే ఆవిడ కాలు నిలవదు. మిన్నెసోటాలో చెరువులకు కొదవా? ఆవిడ మా కాలేజీ ఆడపిల్లల గోల్ఫ్ జట్టుకి కోచ్‌గా ఉన్నన్నాళ్ళూ చుట్టుపక్కల కప్పలకు కంటిమీద కునుకు లేదు.

తొడల దాకా వచ్చే రబ్బరు బూట్లు, చేతిలో చేపల వల. ఇదీ వేషం. రెండూ వాళ్ళాయన ఎల్మర్ గారివే. ఆయనది భారీ విగ్రహం, ఈవిడేమో గుప్పెడంత మనిషి. ఒక్కో బూటులో ఇంకో వెర్నా పట్టేంత చోటు మిగిలేది.

ఒక ఆదివారం చర్చిలో ప్రసంగం మంచి రసపట్టులో ఉండగా ఆవిడ కోటు జేబులోంచి ఒక బంతి జారి, టకటకమంటూ దొర్లుకుంటూ వెళ్ళి పాస్టర్ గారి పాదాల దగ్గర ఆగింది.

"ఎవరిదమ్మా ఇది?" అన్నాడాయన.

"మీదే పాస్టర్ గారూ. మంగళవారం చెరువులో వేశారుగా. అప్పుడు మీరన్న మాట కూడా గుర్తుంది, చెప్పమంటారా?"

ఆ వారం ప్రసంగం తొందరగా అయిపోయింది.

మా జట్టులో మొనగత్తె సిగ్రిడ్. ఒకసారి అది కొట్టిన మొదటి దెబ్బకే బంతి తిన్నగా పోయి గుంటలో పడింది. జన్మకోసారి జరిగితే గొప్ప! మేమంతా ఒకటే కేకలు, గెంతులు. కాసేపటికి చెరువు గట్టు జమ్ములోంచి కోచ్ తల పైకి లేచింది.

"ఏమిటే ఆ అరుపులు? పాముగాని వచ్చిందా?"

"సిగ్రిడ్ ఒక్క దెబ్బకే గుంటలో వేసింది కోచ్!"

"మంచిదే. అయితే దాని బంతి వెతకక్కర్లేదన్నమాట," అని మళ్ళీ మునిగింది.

ఇక నా సంగతి. చుట్టుపక్కల కాలేజీలన్నీ పోటీపడే కాన్ఫరెన్స్ చాంపియన్‌షిప్‌లో జట్టుకి ఐదుగురం ఆడతాం. తక్కువ దెబ్బలు కొట్టిన నలుగురి లెక్కే జట్టుకి పడుతుంది, ఐదోది చెత్తబుట్టలోకి పోతుంది. ఆ ఐదోది ఎప్పుడూ నాదే. నేనూ హాయిగా ఉండేదాన్ని. ఇది కాక, అందరికంటే తక్కువ దెబ్బలు కొట్టిన పిల్లకి విడిగా ఇంకో కప్పు. ఆ ఏడాది ఆఖరి రోజు పొద్దుటికి రెండింట్లోనూ మేమే ముందున్నాం. విడి కప్పుకి సిగ్రిడ్, జట్టు కప్పుకి మేమంతా. మా కాలేజీ పుట్టి బుద్ధెరిగాక జట్టు కప్పు ముఖం చూసింది లేదు.

అలాంటి రోజున మా ఐదుగురిలో ఒకతె లార్నా వ్యాను దిగబోతూ, కోచ్ గుమ్మంలో పెట్టిన బంతుల సంచి మీద కాలేసింది. సంచి చిరిగింది, బంతులు దొర్లాయి, లార్నా కూడా దొర్లింది. చీలమండ ఇంత లావున వాచింది.

"మీ బంతుల పిచ్చి మా కొంప ముంచింది కోచ్!" అని సిగ్రిడ్ విరుచుకుపడింది.

"తప్పు నాదేనే తల్లీ," అని ఆవిడ ముక్కు చీదుకుంది. ఆ రుమాల్లోంచి కూడా ఒక బంతి పడింది.

ఇక మిగిలింది నలుగురం. నలుగురి లెక్కా పడాల్సిందే. అంటే నాది కూడా!

"ట్రూడీ, ఏమైనా తిన్నావా?" అంది కోచ్.

"తిన్నాను. కక్కేశాను కూడా."

"అయితే ఇంకోసారి తిను."

ఆ రోజు అందరం ఒకేసారి, తలో గుంట దగ్గరా ఆట మొదలుపెట్టాం. అందుకని సిగ్రిడ్ ఆట క్లబ్బు ముందు, జనం మధ్య ముగుస్తుంది. నాది మాత్రం ఎక్కడో మూల, బురద చెరువు పక్కన. ఆ ఆఖరి గుంటకి వచ్చేసరికి మా ఆధిక్యం కరిగి కరిగి రెండు మూడు దెబ్బలకు దిగిందని కబురందింది. ఊపిరి బిగబట్టి కొట్టాను. బంతి ఎంచక్కా కుడివైపు వంగి జమ్ములో పడింది.

పడ్డచోట ఒక టోపీ లేచింది.

"ఇక్కడే పడిందే! నా పక్కనే చప్పుడైంది!"

"అక్కడ ఏం చేస్తున్నారు కోచ్?"

"నీ కోసమే. నువ్వు భయపడ్డప్పుడల్లా కుడివైపేగా కొడతావు!"

ఏడుద్దామనుకున్న దాన్ని కాస్తా పకపకా నవ్వేశాను. వెతకడానికి అప్పట్లో ఐదు నిమిషాలే గడువు. అవతలి జట్టు పిల్ల నోరీన్ గడియారం పట్టుకుని నించుంది. నా బంతి మీద గుర్తుకి ఎర్రటి ఆరుద్ర పురుగు బొమ్మ ముందే వేసుకున్నాను. కోచ్ వలతో తోడుతూనే ఉంది. ఎవరెవరివో బంతులు, ఒక తాబేలు, ఎవరిదో కట్టుడు పళ్ళ సెట్టు... నాది తప్ప అన్నీ దొరికాయి.

"బూటులో రాయేదో పడ్డట్టుందే, ఒకటే గుచ్చుకుంటోంది," అని కుంటుతూనే వెతికింది.

"గడువు అయిపోయిందండీ," అంది నోరీన్ జాలిగా.

ఇక ఒక దెబ్బ జరిమానా. మొదటి చోటికే వెనక్కెళ్ళి మళ్ళీ కొట్టాలి. కోచ్ కూడా నా వెంటే కుంటుకుంటూ వచ్చింది. అప్పుడే క్లబ్బు వైపు నుంచి పెద్ద హోరు వినిపించింది.

"సిగ్రిడ్ గెలిచినట్టుంది! మీరు అక్కడుండొద్దూ?"

"దానికి చప్పట్లు కొట్టడానికి అంత జనం ఉన్నారు. ఈ బురదలో నీకెవరున్నారే? పద, సాయంత్రం మా ఇంట్లో మాంసం, కూరలు వేసి హాట్‌డిష్ చేస్తాను. పైన బంగాళాదుంప ముక్కలు కరకరలాడేలా."

బంగాళాదుంపల్ని తలుచుకుంటూ కొట్టాను. బంతి తిన్నగా పోయింది! అన్నీ కలిపి ఆరు దెబ్బల్లో గుంటలో వేశాను. లెక్కలన్నీ తేలాక చూస్తే, జట్టు కప్పు ఒక్క దెబ్బ తేడాతో మాదే.

తను గెలిచిన విడి కప్పు చంకన పెట్టుకుని సిగ్రిడ్ వచ్చింది. పొద్దున విరుచుకుపడ్డ పిల్ల ఏమంటుందోనని నాకు హడలు.

"నా ఆఖరి దెబ్బ చూశారా కోచ్?"

"లేదే తల్లీ."

"తెలుసు లెండి. మొదటి ఏడాదంతా నేను బంతులు అడవిలోకి కొడుతుంటే నా వెంట అక్కడే తిరిగారుగా. కూర్చోండి, ఆ బూట్లు నేను లాగుతాను."

సిగ్రిడ్ కుడి బూటు, నేను ఎడమ బూటు పట్టుకుని లాగాం. కుడి బూటులోంచి కుండెడు నీళ్ళు, వాటి వెనకాలే ఒక బంతి బయటికొచ్చాయి. బంతి మీద ఎర్రటి ఆరుద్ర పురుగు.

అందరం నోళ్ళు తెరిచాం. కోచ్ ముఖం పాలిపోయింది. మరుక్షణమే గడ్డం పైకెత్తింది.

"చూశారా! నేను వెతికితే దొరకని బంతంటూ ఉందా?"

లార్నా కట్టు కట్టిన కాలు పట్టుకుని మరీ నవ్వింది. నవ్వీ నవ్వీ నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. బంతి వెళ్ళి బూటులో పడిందంటే పడదూ మరి! నేను ఎక్కడ తప్పు కొడతానో సరిగ్గా అక్కడే నించుంది మా కోచ్.