కృపాకర్ చేసే పని

చర్చిలో ఎవరడిగినా కృపాకర్ ఆస్పత్రిలో టెక్నీషియన్. పెళ్లిచూపుల్లో అదే చెప్పాడు, తనూజ అదే నమ్మింది. డిగ్రీ మధ్యలో మానేసిన సంగతి కూడా ఆ ఒక్క మాట కింద దాక్కుంది. నిజానికి అతను వార్డుబాయ్. మంచాన పడ్డవాళ్ల ఒళ్లు తుడుస్తాడు, డైపర్లు మారుస్తాడు, వీపు మీద పుండ్లు పడకుండా పక్కకు తిప్పి పడుకోబెడతాడు. ఇంటికి రాగానే పాపను ముట్టుకోకుండా స్నానానికి ఉరికేవాడు. ఎందుకలా అంటే, "ల్యాబుల కెమికల్స్ ఉంటయి" అనేవాడు.

కెనడాకు పనికి పోదామనుకున్నప్పుడు ఆ అబద్ధం అడ్డం తిరిగింది.

చార్మినార్ దగ్గర గాజుల దుకాణం పైన శ్రీపాద ఆఫీసు. వీసా దరఖాస్తులు నింపిస్తాడు. మొగుడూ పెళ్లాం ఇద్దర్నీ రమ్మంటే ఇద్దరూ వెళ్లారు.

"ఒక్కో పనికి ఒక్కో కోడ్ ఉంటది తమ్ముడూ. నీ కార్డు మీద ఏం పేరుందో వాళ్లకు అక్కర్లేదు. పొద్దుగాల పోయినకాడికెల్లి ఏమేం చేస్తవో చెప్పు. దానికి సరిపోయే కోడ్ నేను చూస్త."

"రక్తం శాంపిళ్లు తీస్త సార్. మిషిన్ల పెడ్త."

"డిప్లొమా ఉందా?"

"లేదు సార్."

"మరి నీకు సూది ఎవడిచ్చిండు? నువ్వు చేసే పనులన్నీ రాసిన లెటర్ మీద మీ ఆస్పత్రోళ్లు సంతకం పెట్టాలె. అబద్ధమని తేలితే అయిదేండ్లు అటు మొఖం పెట్టనియ్యరు."

కృపాకర్ తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. తనూజ వైపు చూడలేదు.

"పేషెంట్లను చూసుకుంట సార్."

"చూసుకునుడంటే? టీవీ చూసినట్టా?"

ఇక శ్రీపాదే అడగడం మొదలుపెట్టాడు. స్నానం? తినిపించుడు? బెడ్‌పాన్? ప్రతిదానికీ కృపాకర్ తల ఊపాడు. ఊపినకొద్దీ తల కిందికే వాలింది.

"అరె, గిది మస్తు కోడ్ భాయ్! దీనికి అక్కడ మనుషులే దొరుకుతలేరు. గింత సిగ్గెందుకు? పక్కకెట్ల తిప్పుతవో నీ మాటల్ల చెప్పు. వాళ్ల వెబ్‌సైట్ల ఉన్నది దింపితే పట్టేస్తరు."

"దుప్పటి మడతపెట్టి నడుం కింద పరుస్తం సార్. మనిషిని పట్టి గుంజొద్దు, దుప్పటిని గుంజాలె. బరువే తెల్వది. ఎంత లావు మనిషినైనా ఒక్కళ్లే తిప్పొచ్చు..."

అప్పటిదాకా నీళ్లు నమిలిన గొంతు ఇక్కడ మాత్రం గట్టిగా పలికింది. పలికి, ఒక్కసారిగా ఆగిపోయింది.

పోయినేడు తనూజ అమ్మమ్మ కాశమ్మ బహదూర్‌పురాలో వీళ్లింట్లోనే మంచాన పడింది. చంకల కింద చేతులేసి తనూజ ఒక్కతే ఆమెను తిప్పేది. నడుం పట్టేసి గోడకు ఆనుకుని ఏడ్చేది. కృపాకర్ ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకుని గడప దగ్గరే నిలబడేవాడు. దగ్గరికి పోతే చేతులు తమ పని తాము చేసేస్తాయి, గుట్టు బయటపడుతుంది. అదే భయం.

మెట్లు దిగి బండి దగ్గరికి వచ్చాక తనూజ అడిగింది.

"అమ్మమ్మ వీపు మీద పుండు యాదికుందా?"

"ఉంది."

"మనింట్ల దుప్పటి లేకుండెనా?"

అతను తాళంచెవి పెట్టాడు గానీ తిప్పలేదు. ఆమె అప్పటికే ఆటోకు చెయ్యి అడ్డం పెట్టింది.