చిన్నమ్మ సముద్రం చూసిన రోజు

సముద్రాన్ని నేను మొదటిసారి చూసింది నా చిన్నప్పుడు, పదేళ్ల వయసులో. ఆ ప్రయాణం గుర్తొస్తే ఇప్పటికీ నాకు సంతోషం కంటే ముందు కోపమే వస్తుంది.

వరంగల్ బజారులో మాకు బట్టల దుకాణం ఉండేది. ఆ వేసవిలో మా నాన్న, మేం పిలిచే బాపు, నాలుగు రోజులు దుకాణం మూసి, ఇంటిల్లిపాదినీ భీమిలి తీసుకెళ్లాడు. బాబాయి, ఆయన భార్య మా చిన్నమ్మ కూడా వచ్చారు. చిన్నమ్మది పరకాల. పెళ్లయి ఏడాది కాలేదు. అంతకుముందు కాలేజీలో చరిత్ర చదువుకుంది. రైల్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, అక్కడ పాత రేవు ఉందని, డచ్చివాళ్ల సమాధులు ఉన్నాయని దారి పొడవునా చెబుతూనే ఉంది.

తీరా వెళ్లాక ఆమె చూసింది కిరోసిన్ స్టవ్‌నే. నాయనమ్మ హోటల్ తిండి ముట్టదు. అందుకని మూడు పూటలా సత్రం గదిలో కొత్త కోడలైన చిన్నమ్మే వండాలి. మేము లైట్‌హౌస్‌కూ, ఇసుకలో ఆటలకూ పోతుంటే ఆమె గుమ్మంలో నిలబడి చూసేది. "రేపు పోదాం తియ్యి" అనేవాడు బాబాయి. సముద్రం అక్కడికి రెండు వీధుల దూరం! సిగ్గుపడాల్సింది ఏమిటంటే, బయటికి పరుగెత్తేటప్పుడు నాకూ ఆమె గుర్తు రాలేదు.

మూడో రోజు పొద్దున అందరూ కొండ మీది గుడికి బయలుదేరారు. ముందురోజు కాలికి ఆల్చిప్ప గుచ్చుకోవడంతో మెట్లెక్కలేక నేను గదిలోనే ఉండిపోయాను. బియ్యం కడగబోయిన చిన్నమ్మ గిన్నె పక్కన పెట్టేసింది. "మెల్లగ నడుస్తవా బిడ్డా? జర నాతోని రా" అంది. గదికి తాళం వేసింది. స్టవ్ వెలిగించనే లేదు.

మొదట సమాధుల దగ్గరికి వెళ్లాం. అవి ఇంగ్లీషువాళ్లవని చెప్పి, బాపు మమ్మల్ని రెండు నిమిషాల్లో బయటికి నడిపించిన చోటే అది. చిన్నమ్మ రాళ్ల మీది అక్షరాలను వేలితో తడుముతూ, "వీళ్లు డచ్చోళ్లు. మన లెక్కనే బట్టల యాపారం చేసెటోళ్లు. ఈడి బట్ట కొని ఓడలల్ల పంపెటోళ్లు" అంది. తర్వాత సముద్రం. మోకాళ్ల దాకా దిగి, చీర తడుస్తున్నా పట్టించుకోకుండా చాలాసేపు నిలబడింది.

మేం తిరిగొచ్చేసరికి అందరూ ఆకలితో తాళం ముందు నిలబడి ఉన్నారు.

"చెప్పకుండ ఏడికి పోయిన్రు? అన్నమేది?" బాపు అరిచాడు.

ఆ ఇంట్లో అప్పటిదాకా బాపు ఎదుట నోరు విప్పని చిన్నమ్మ, నాయనమ్మ వైపు తిరిగి చెప్పింది. "మూడు దినాలాయె అత్తమ్మా. సముద్రం చూసినవా అని నన్ను ఒక్కలన్న అడిగిన్రా? నేను సుత చూసెతందుకే వచ్చిన."

బాబాయి తల దించుకున్నాడు. ఆ పూట మేమంతా హోటల్లో తిన్నాం, నాయనమ్మ అరటిపళ్లతో సరిపెట్టుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు. అయినా ఇంటికి చేరేదాకా బాపు చిన్నమ్మతో మాట్లాడలేదు, తప్పు చేసింది ఆమే అన్నట్టు!

నాకిప్పుడు అరవై దాటాయి. మా పిల్లలు ఎక్కడెక్కడికో టూర్లు పోయి ఫోనులో ఫొటోలు చూపిస్తారు. అందరూ నవ్వుతున్న ఆ ఫొటోల్లో నేను ముందు వెతికేది, అందులో లేని మనిషిని. "కోడలేది?" అని అడుగుతాను. "రూముల వంట చేస్తాంది" అని ఎవరైనా తేలిగ్గా అంటే, ఈ వయసులోనూ నా గొంతు లేస్తుంది. దాన్ని తగ్గించుకోవాలని నేనెప్పుడూ అనుకోలేదు.