చేలో దారి

డోరిన్ ప్లాట్‌ కోపం చేతికర్రలో తెలుస్తుంది. మామూలప్పుడు దాన్ని మెల్లగా ఆనిస్తుంది, కోపమొస్తే నేలను పొడుస్తుంది. ముసలావిడ ఇల్లు పబ్బు పక్కన. ఎదురుగా ఓ చేను, దానికి అవతల పాత రాతి చర్చి, చర్చి వెనక ఆమె భర్త సమాధి. చేను మధ్యనుంచి ఊరందరికీ హక్కున్న కాలిబాట ఒకటి ఉండేది. రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి వెళ్లడానికి ఆమె మోకాళ్లు ఒప్పుకోవు. ఈ ఏడు కొత్త ఆసామి హార్డింగ్ ఆ బాటను కూడా దున్నేసి గోధుమ చల్లాడు. ఆదివారం నడకకు వచ్చే పట్నం వాళ్లు మర్యాదగా గట్టు చుట్టూ తిరిగొచ్చి, పబ్బులో కూర్చుని గొణుక్కున్నారు.

"పైరు తొక్కితే ఏం బాగుంటుందండీ?" అన్నాడు వాళ్లలో నీల్ అనే ఆయన, బీరు నురగ తుడుచుకుంటూ.

"మీ మర్యాద మండా!" వాళ్ల బల్ల దగ్గర నిలబడ్డ డోరిన్ కర్రతో నేలను పొడిచింది. "ఇంకో రెండేళ్లు ఇలాగే చుట్టూ తిరగండి, అసలిక్కడ బాటే లేదంటాడు వాడు. అప్పుడు మా ఆయన దగ్గరికి నన్ను మీరు మోసుకెళ్తారా?"

బయటికొచ్చి, కర్రతో పైరును పక్కకు కొడుతూ చేలోకి దిగింది. అవతలి గట్టునుంచి హార్డింగ్ అరిచాడు. "అమ్మా, నా పైరు!"

"నీ పైరే నాయనా, నా దారిలో మొలిచింది!"

చర్చి గోడ దాకా వెళ్లింది గానీ సమాధి దగ్గర ఆగలేదు. ఒంగిన పైరు మళ్లీ లేవకుండా, అదే గీత మీద తొక్కుకుంటూ తిరిగొచ్చింది. వెంటనే మళ్లీ దిగింది. నీల్ గ్లాసు దించి, తలొంచుకుని ఆమె వెనకే నడిచాడు.

"వెనక కాదయ్యా," కసిరింది డోరిన్. "పక్కన నడు. ఇది ఇద్దరు నడిచే బాట."