బుడ్డోడికి ఏం పెడదాం?

మా చిన్నప్పుడు శుక్రవారం వచ్చిందంటే చాలు, సాయంత్రం ఎదురింటి వాళ్ళ అరుగు మీద కూర్చునేదాన్ని... వాళ్ళింట్లో ఫోన్ మోగుతుందని. కువైట్‌లో ఇంటిపని చేసే మా అమ్మకి ఆ ఒక్క పూటే కాస్త తీరిక.

మామిడికుదురు దగ్గర మా ఊరు. ఇంట్లో నేను, మా మామ్మ. నాన్న ఉప్పలగుప్తం వైపు రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండేవారు. ఆదివారం వచ్చి, సోమవారం తెల్లారేసరికి వెళ్ళిపోయేవారు.

ఫోన్‌లో అమ్మ గొంతు వినగానే నాకు మాటలు వచ్చేవి కావు. "తిన్నావా?" అంటే "తిన్నాను". "బాగా చదువుతున్నావా?" అంటే "ఆయ్". అంతే... ఆ తర్వాత గరగర శబ్దం.

అలాంటి రోజుల్లో కాలవగట్టు మీద ఒక కుక్కపిల్ల దొరికింది. బుడ్డోడు అని పేరు పెట్టాను. ఇక అమ్మకి చెప్పడానికి నాకూ కబుర్లు పుట్టాయి. బుడ్డోడు మామ్మ చెప్పు కొరికేశాడు... కొబ్బరి డొక్కతో ఆడుతున్నాడు... నాన్న తెచ్చిన కోడి మెడలు నమిలేశాడు... అమ్మ నవ్వేది. వాళ్ళ మేడంగారింట్లోనూ ఒక కుక్క ఉందని చెప్పేది. నా గురించి ఏమీ చెప్పేదాన్ని కాదు. ఏం చెప్పాలో తెలిసేది కాదు.

నేను ఐదో తరగతిలో ఉండగా అమ్మ సెలవు మీద వచ్చింది.

పెట్టె తెరిస్తే చుట్టాలకి సబ్బులు, సెంటు సీసాలు... అడుగున కుక్క బొమ్మ ఉన్న పెద్ద ప్యాకెట్టు. "ఇది నీకేనమ్మా... అదే, మీ బుడ్డోడికి" అంది. విప్పితే గోధుమరంగు గింజలు, ఎండుచేపల వాసన.

"మేడంగారి కుక్క ఇవే తింటది. దాని ఒళ్ళు ఎలా నిగనిగలాడుద్దో! గోరువెచ్చటి నీళ్ళలో నానబెడితే గాని ముట్టుకోదు. పాలు పడవు దానికి. మనిషి పక్కన కూర్చుంటేనే తింటది..."

ఎంత బాగా తెలుసో ఆ కుక్క సంగతులు! చెబుతూ చెబుతూనే పొయ్యి దగ్గరికెళ్ళి, చుట్టాన్ని అడిగినట్టు అడిగింది నన్ను. "నీకేం కూరంటే ఇష్టమమ్మా?"

మామ్మే చెప్పింది, "దానికి వంకాయ పడదు. గుడ్డు పులుసు పెట్టు" అని.

ఆదివారం నాన్న వచ్చారు, అలవాటు ప్రకారం చికెన్ కొట్టు నుంచి మెడలూ కార్జాలూ పట్టుకుని. అమ్మ గిన్నెలో పోసిన గింజలు చూసి నవ్వారు.

"ఇదేంటి, మా రొయ్యలకేసే మేతలా ఉంది?"

"పచ్చి మాంసం పెడితే కడుపులో పురుగులు పడతాయండీ. అక్కడ డాక్టరుగారే చెప్పేరు."

"కుక్కకి మాంసం పడదంటే ఊళ్ళో నవ్వుతారు. వీడు మన కాలవగట్టు మీద పుట్టేడు, కువైట్‌లో కాదు."

"నేనేం తెచ్చినా మీకు అంతే లెండి."

"తెచ్చేవు... సరే" అని నాన్న ఆగిపోయారు. ఇద్దరి మొహాలూ ఎర్రబడ్డాయి.

"కుక్కకూటి కోసం మీరు కొట్టుకుంటారేంట్రా!" అని మామ్మ కసిరింది. "దాని కుక్క... దాన్నే అడగండి."

ఇద్దరూ నావైపు తిరిగారు. నాన్న చేతిలో కారుతున్న నల్లకవరు. అమ్మ చేతిలో గిన్నె. మధ్యలో తోకాడిస్తూ బుడ్డోడు.

"మాంసమే" అన్నాను.

అమ్మ నవ్వబోయింది. "ఏం తల్లీ... ఇవి మంచివి కావా?"

"మంచివే... నువ్వెళ్ళిపోయేక అయిపోతాయి కదా. మళ్ళీ ఎక్కడ దొరుకుతాయి? అలవాటైపోతే వాడేం తింటాడు?"

అమ్మ గిన్నె మెట్టు మీద పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయింది. బోరింగు కొడుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. వెళ్ళి చూస్తే బకెట్టు నిండి పొర్లిపోతోంది... తను కొడుతూనే ఉంది.

నాన్న ఆ మాంసం పచ్చిగా వెయ్యలేదు. పెరటి పొయ్యి వెలిగించి, కాస్త పసుపు వేసి ఎసట్లో పడేశారు. "ఎంతసేపు ఉడకాలో... వచ్చి చూడు" అన్నారు, అమ్మవైపు చూడకుండానే. అమ్మ మొహం కడుక్కుని వచ్చి పొయ్యి పక్కన కూర్చుంది. మెడల్లో ఎముకలు ఏరి, అన్నంలో కలిపి బుడ్డోడి ముందు పెట్టింది. వాడు తిన్నంతసేపూ ఇద్దరూ అక్కడే ఉన్నారు.

సెలవైపోయింది. అమ్మ వెళ్ళిపోయింది. మిగిలిన గింజలు మామ్మ కోళ్ళకి వేసేసింది.

ఆ శుక్రవారం ఫోన్ మోగింది.

"బుడ్డోడు ఏం తిన్నాడు?"

"మాంసం. ఆదివారం నాన్న ఉడకబెట్టి పెట్టేరు."

"ఉప్పు వెయ్యలేదు కదా?"

"ఆయ్... లేదు."

మళ్ళీ గరగర...

నా ఇంటర్ అయ్యేదాకా బతికాడు బుడ్డోడు. అమ్మ పూర్తిగా తిరిగొచ్చేసరికి నేను కాకినాడ హాస్టల్లో ఉన్నాను. తను ఇంటికొచ్చింది... నేను అక్కడ లేను.

ఇప్పుడు ఆ గింజల ప్యాకెట్లు అమలాపురంలో ఏ కొట్లో చూసినా వేలాడుతున్నాయి. మొన్న మా ఊరెళ్తే ఒక చిన్నపిల్ల పళ్ళెం ముందు ఫోన్ ఆనించుకుని, మస్కట్‌లో ఉన్న వాళ్ళమ్మకి ఒక్కో ముద్దా చూపిస్తూ తింటోంది. ముచ్చటేసింది... కొంచెం అసూయ కూడా.

అమ్మా నేనూ ఇప్పటికీ రోజూ మాట్లాడుకుంటాం. నువ్వేం వండావంటే నువ్వేం వండావని... అక్కడితో మాటలు అయిపోతాయి. ఇద్దరం కాసేపు ఊరికే ఫోన్ పట్టుకుని ఉంటాం.

మీలో ఎవరైనా అమ్మని ఫోన్‌లో వింటూ పెరిగారా? ఏం మాట్లాడుకునేవారో రాయండి... నాకు తెలుసుకోవాలనుంది.