చాచా పెట్టిన వకీలు

భద్రాచలం వెళ్లిన ఆ ఉదయాన్ని తలచుకుంటే ఇప్పటికీ ముందు మంచే కనిపిస్తుంది. బూర్గంపాడు దాటాక వంతెన మీద బస్సు మెల్లగా పోతోంది. కింద గోదావరి ఉందో లేదో తెలియడం లేదు. నిద్రకూ మెలకువకూ మధ్య ఎక్కడో కూర్చుని ఒళ్లో సంచిని పట్టుకున్నాను. సంచిలో తమ్ముడికి ఉతికిన చొక్కాలు, వాడు సంతకం పెట్టాల్సిన వకాల్తా కాగితం ఉన్నాయి.

తమ్ముడు ట్రాలీ ఆటో నడుపుతాడు. అడవి వైపు నుంచి వస్తుంటే చెక్‌పోస్టులో ఆపారు. వంటచెరకు కింద టేకు దుంగలు దొరికాయి. కేసు పెట్టి భద్రాచలం సబ్‌జైలుకు పంపారు.

ఇక ఇంట్లో రోజూ ఒకటే మాట, ఏ వకీలును పెట్టాలని. జైల్లో ఉన్నవాళ్లకు ప్రభుత్వమే ఉచితంగా వకీలును ఇస్తుందని పక్కింటి టీచరమ్మ చెప్పింది. అది విని చాచా నవ్వారు. నాన్న పోయాక మా ఇద్దరినీ పెంచింది నాన్న తమ్ముడైన ఈ చాచానే. ఖమ్మంలో ఆయనకు తలుపులు, మంచాలు చేసే కార్ఖానా ఉంది.

"పట్టుకున్నది సర్కారు, ఇడిపించేది గూడ సర్కారేనా? ఊకె వచ్చే వకీలు ఊకెనే నిలబడి పోతడు బేటీ. పెద్ద వకీలును మాట్లాడిన. ఖర్చంత నాదే. నువ్వు జల్దీ పోయి సంతకం తీస్కరా," అన్నారు.

కృతజ్ఞతతో నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ వకీలు ఆఫీసులో ఏసీ చల్లదనం, గోడ నిండా లావుపాటి పుస్తకాలు చూసి తమ్ముడు సగం బయటికి వచ్చేసినట్టే అనుకున్నాను. గొప్ప ఆఫీసులంటే నాకు ఎప్పుడూ అంతే, చూడగానే నమ్మేస్తాను.

ములాఖాత్‌లో తమ్ముడు ఇనుప జాలీకి అవతల నిలబడ్డాడు. గడ్డం పెరిగింది. కాగితం చూపిస్తే తల అడ్డంగా ఊపాడు.

"ఇక్కడికి ఒక వకీలమ్మ వస్తది ఆపా. సర్కారు పంపిస్తది. ఆమెకే సంతకం పెట్టిచ్చిన."

"పిచ్చి గిట్ల లేసిందా ఏందిరా? చాచా అంత పెద్ద వకీలును పెట్టిండు!"

"అవ్, ఆయనొచ్చి కలిసిండు. లోడు ఎవరి కోసమో చెప్పకు, నీదే అని ఒప్పుకో, మిగిలింది నేను చూస్కుంట అన్నడు."

"ఎవరి కోసంరా?"

వాడు నావైపు చూడలేదు.

"వంటచెరకే ఉన్నది, తెమ్మని చాచా పంపిండు. కింద ఏమున్నదో చెక్‌పోస్టు కాడనే తెలిసింది నాకు. వకీలమ్మ మొదటి రోజే, ఏం జరిగిందో చెప్పు అన్నది. చెప్పింది మొత్తం విన్నది. గంతే ఆపా."

తిరుగు బస్సు వంతెన ఎక్కేసరికి మంచు లేదు. ఎండకు గోదావరి ఇసుక తళతళలాడుతోంది. నాకు కోపం రావాలి, కానీ రాలేదు. చిన్నప్పుడు జ్వరమొస్తే చాచా నన్ను భుజాన వేసుకుని దవాఖానాకు పరుగెత్తడమే మళ్లీ మళ్లీ గుర్తొచ్చింది. ఆ భుజం మీద నేను ఎంత హాయిగా నిద్రపోయానో! ఖమ్మం వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను.

కార్ఖానాలో చెక్కపొట్టు గాలికి మెల్లగా లేస్తోంది. చాచా పని ఆపి ఎదురొచ్చారు. సంతకం లేని కాగితం ఆయన చేతిలో పెట్టాను.

"వకీలమ్మనే ఉండనీ అన్నడు చాచా."

ఆయన ముఖం పాలిపోయింది. పనివాళ్లు వింటున్నారేమోనని వెనక్కి చూసి, గొంతు తగ్గించారు.

"ఆమెకు ఏం చెప్పిండు?"

వాడెట్లా ఉన్నాడని అడుగుతారేమోనని కాసేపు ఎదురుచూశాను. అడగలేదు.

"జరిగిందంత చెప్పిండు," అన్నాను.